డాబా మీద తెల్లరంగు, కక్ష్యలో తెల్లరంగు

అనంతపురంలో మా డాబా మీద మూడేళ్ళ కిందట తెల్ల పెయింట్ వేయించాం. కూల్ పెయింట్ అంటారే, అదే. ఆ ఎండాకాలం పైగదిలో మధ్యాహ్నం పూట ఫ్యాన్ కింద కూర్చోగలిగాం. రెండో ఏడు ఆ తెలుపు ఉతికి ఉతికి పాతబడ్డ పంచె రంగుకి వచ్చింది. మూడో ఏడు గది మళ్ళీ కొలిమే. చిత్రమేమంటే పెయింట్ ఎక్కడా పెచ్చులూడలేదు, పగుళ్ళివ్వలేదు. మేస్త్రీని పిలిచి చూపిస్తే ఒంగి, గోటితో గీకి చూసి, "పెయింట్ యాడికీ పోలేదు సార్, తెలుపు పోయిందంతే" అన్నాడు.

ఉపగ్రహాలు తయారుచేసేవాళ్ళ టెన్షన్ కూడా ఇలాంటిదే. పైన గాలి లేదు కాబట్టి వేడిని మోసుకుపోయేది ఏదీ ఉండదు. ఎండ రూపంలో లోపలికి వచ్చిన వేడి మళ్ళీ కిరణాల రూపంలోనే బయటికి పోవాలి. అందుకే ఉపగ్రహం ఒంటిమీద కొన్నిచోట్ల తెల్లరంగు పూస్తారు. అది ఎండని వెనక్కి కొట్టాలి, లోపలి వేడిని బయటికి వదలాలి. మనకు మధ్యాహ్నం చదరపు మీటరుకి సుమారు 1000 వాట్ల ఎండ పడుతుంది. వాతావరణం పైన అది 1361 వాట్లు. ఆ తెలుపు పసుపుకి తిరిగితే లోపలి ఎలక్ట్రానిక్స్ ఉడుకుతాయి. మళ్ళీ ఒక కోటింగ్ వేయడానికి మేస్త్రీ దొరకడు. వేడి లెక్క తప్పితే ఏమవుతుందో మనవాళ్ళకు చంద్రయాన్-1లో అనుభవమైంది. రెండేళ్ళు పనిచేయాల్సిన ఆ నౌక చంద్రుడి దగ్గర అనుకున్నదానికంటే ఎక్కువ వేడిని ఎదుర్కొంది. 312 రోజులకే, 2009 ఆగస్టులో, దాంతో సంబంధం తెగిపోయింది.

మరి ఒక రంగు, ఒక ప్లాస్టిక్ పొర, ఒక జిగురు పైన ఐదేళ్ళు, పదేళ్ళు నిలుస్తుందో లేదో కింద ఉండగానే తెలుసుకోవడం ఎలా? మొదట్లో ఈ ప్రశ్న నాకు సులువుగానే తోచింది. అంతరిక్షమంటే శూన్యం. అక్కడ తేమ లేదు, తుప్పు లేదు, చెదలు లేవు, అనంతపురం దుమ్ము అసలే లేదు. అలాంటిచోట వస్తువు పాడయ్యేదేముంది అనుకున్నాను. తీరా చూస్తే ఆ శూన్యమే మొదటి శత్రువు.

మే నెలలో క్లాక్ టవర్ దగ్గర కొత్త కారు ఆపి, అద్దాలు ఎత్తేసి, రెండు గంటలాగి తిరిగి వచ్చి తలుపు తీయండి. గుప్పున ఒక ప్లాస్టిక్ వాసన కొడుతుంది. కొన్నాళ్ళకు ముందు అద్దం లోపలివైపు పల్చటి జిడ్డుపొర కడుతుంది, గుడ్డతో తుడిస్తే ఇంకా అలుక్కుంటుంది. అది బయటి దుమ్ము కాదు. డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచడానికి కలిపిన నూనెలాంటి పదార్థం వేడికి ఆవిరై, అద్దం మీద మళ్ళీ పేరుకుంటుంది. గాలి ఒత్తిడి ఉన్న మన దగ్గరే ఇలా అయితే, ఒత్తిడే లేనిచోట ఈ ఆవిరి ఇంకా తేలిగ్గా బయటికొస్తుంది. వచ్చి ఊరికే పోదు. పక్కనే చల్లగా ఏది ఉంటే దానిమీద కూర్చుంటుంది. నౌకలో చల్లగా ఉండేది చాలాసార్లు కెమెరా లెన్సే. శని గ్రహానికి బయలుదేరిన కాసిని నౌక కెమెరాలో 2001లో ఇలాగే మసక కనిపించింది. నెలల తరబడి విడతలు విడతలుగా కెమెరాని వేడిచేసి ఆ మసకని వదిలించారు.

దీన్ని పట్టుకునే పరీక్ష నాకు భలే నచ్చింది, అంత సాదాగా ఉంటుంది కాబట్టి. చిటికెడు నమూనా, అంటే గ్రాములో మూడో వంతు కూడా ఉండదు, తీసుకుని చిన్న అల్యూమినియం దొన్నెలో వేసి తూకం వేస్తారు. శూన్యం చేసిన గదిలో పెట్టి 125 డిగ్రీల దగ్గర 24 గంటలు వేడిచేస్తారు. ఎదురుగా 25 డిగ్రీల దగ్గర ఉంచిన మెరుగుపెట్టిన లోహపు పలక ఉంటుంది. వంటింట్లో గిన్నె మీద మూతకి ఆవిరి చేరినట్టు, నమూనాలోంచి వచ్చిందాంట్లో కొంత ఆ పలక మీద చేరుతుంది. మర్నాడు రెండింటినీ మళ్ళీ తూస్తారు. నమూనా బరువులో నూటికి ఒకటి మించి తగ్గకూడదు. పలక మీద చేరినది నమూనా బరువులో వెయ్యికి ఒక వంతు మించకూడదు. జిగురు, టేపు, వైరు తొడుగు, ఆఖరికి వైర్లని కట్టే ప్లాస్టిక్ ట్యాగు కూడా ఈ పరీక్ష నెగ్గే పైకి వెళ్ళాలి. లోహాలకీ మినహాయింపు లేదు. జింక్, కాడ్మియం లాంటివి శూన్యంలో వేడెక్కితే వాటంతటవే ఆవిరవుతాయి. అందుకే మన హార్డ్‌వేర్ షాపులో దొరికే జింక్ పూత బోల్టుకి అక్కడ చోటు లేదు.

రెండోది వేడి, చలి. మా ఊళ్ళో ఎండ మండినా రోజుకి ఒక్కసారే మండుతుంది. భూమికి 400 కి.మీ. ఎత్తులో తిరిగేదానికి గంటన్నరకొకసారి పగలు, రాత్రి వస్తాయి. రోజుకి దాదాపు 16 సార్లు, ఏడాదికి 5,600కి పైన. ఎండలో వంద డిగ్రీలు దాటే ఉపరితలం నీడలో సున్నాకి కింద వంద డిగ్రీల దాకా పోవచ్చు. బండమీద మంటపెట్టి రాయిని పొరగా లేపే పాత పద్ధతి క్వారీల్లో చూసినవాళ్ళకు వేడి ఎంత పని చేయగలదో వేరే చెప్పనక్కర్లేదు. ఇక్కడ అసలు చిక్కు రెండు వేర్వేరు పదార్థాలని అతికించినచోట వస్తుంది. మీటరు పొడవున్న అల్యూమినియం 200 డిగ్రీల తేడాకి నాలుగున్నర మిల్లీమీటర్లకి పైగా సాగుతుంది. పక్కనే ఉన్న కార్బన్ ఫైబర్ దాదాపు కదలదు. మధ్యలో నలిగిపోయేది జిగురు. ఒక్కసారికి ఏమీ కాదు, ఐదువేల సార్లకి వదిలేస్తుంది. హబుల్ టెలిస్కోపు మొదటి సౌరఫలకాలు చీకట్లోంచి వెలుగులోకి వచ్చిన ప్రతిసారీ వంగి, టెలిస్కోపునే వణికించేవి. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్ళి వాటిని మార్చారు.

ఈ రెండు పరీక్షలూ కింద బాగానే చేయగలం. మా ఊరి నుంచి హైవే మీద నాలుగు గంటలు వెళితే బెంగళూరులో ఇస్రో ఉపగ్రహ కేంద్రం ఉంది. అక్కడ 9 మీటర్ల వ్యాసమున్న శూన్యపు గది ఉంది. గోడల్లో ద్రవ నైట్రోజన్ పారిస్తారు, లోపల ఎండలాంటి వెలుగు పడేలా దీపాలుంటాయి. మొత్తం ఉపగ్రహాన్నే లోపల పెట్టి రోజుల తరబడి ఉడికించి, గడ్డకట్టించి చూస్తారు. దీన్ని వాళ్ళు థర్మోవ్యాక్ అంటారు. ఉపగ్రహం పనిచేస్తుందా లేదా అన్నది ఇక్కడ తేలుతుంది. దాని ఒంటిమీది పొర ఐదేళ్ళ తర్వాత ఎలా ఉంటుందన్నది మాత్రం తేలదు. దానికి కారణం మూడో శత్రువు. చదివినకొద్దీ నాకు ఆశ్చర్యం తగ్గనిది ఇదే.

మనం పీల్చే ఆక్సిజన్‌లో రెండేసి పరమాణువులు జంటగా ఉంటాయి. శూన్యమన్న ఆ ఎత్తులోనూ అది అతి పల్చగా మిగిలే ఉంటుంది. 200 కి.మీ. పైన సూర్యుడి అతినీలలోహిత కిరణాలు ఆ జంటని విడగొడతాయి. మిగిలిన ఒంటరి ఆక్సిజన్ పరమాణువు దేన్ని తాకితే దాంతో కలిసిపోవాలని చూస్తుంది. పైగా ఉపగ్రహం సెకనుకి దాదాపు 7.7 కి.మీ. వేగంతో దానిమీదికి దూసుకుపోతుంటుంది. బైకు మీద వేగంగా పోతుంటే వాన చినుకులు మొహానికి రాళ్ళలా తగులుతాయే, అలాగన్నమాట. కాకపోతే ఈ చినుకు తగిలినచోట పదార్థాన్ని కాలుస్తుంది కూడా. ప్లాస్టిక్‌లో ఉన్న కార్బన్‌ని వాయువుగా మార్చి ఎత్తుకుపోతుంది.

1980ల మొదట్లో అమెరికా వాళ్ళ స్పేస్ షటిల్ (మనుషుల్ని మోసుకుని కక్ష్యలోకి వెళ్ళి తిరిగొచ్చే నౌక) ప్రయాణాల తర్వాత ఈ సంగతి బయటపడింది. కాప్టాన్ అనే ప్లాస్టిక్ పొర నిగనిగలాడుతూ వెళ్ళి, వెలవెలబోయి తిరిగొచ్చింది. ఫొటోల్లో ఉపగ్రహాలకి బంగారు రేకు చుట్టినట్టు కనిపిస్తుంది చూశారా, అది చాలావరకు ఈ కాప్టానే. ఆ పసుపు రంగు ప్లాస్టిక్‌ది, వెనక పూసింది అల్యూమినియం. బంగారమని అనుకుని మన పన్నుల డబ్బు గురించి బాధపడేవాళ్ళు ఇక ఊపిరి పీల్చుకోవచ్చు.

మా జిల్లా రైతుకి డ్రిప్ పైపు నల్లగా ఎందుకుంటుందో తెలుసు. నూటికి రెండు పాళ్ళు మసిలాంటి కార్బన్ కలుపుతారు, అది ఎండని తనమీద వేసుకుని ప్లాస్టిక్‌ని కాపాడుతుంది. అది లేని పైపు రెండు ఎండాకాలాలకి పెళుసెక్కి, మడిస్తే పుటుక్కుమంటుంది. అదే చిట్కా కక్ష్యలో చేస్తే ఒకందుకు మంచిదే, కానీ ఒంటరి ఆక్సిజన్‌కి కార్బనే ఆహారం. నేలమీద కాపాడినది అక్కడ మేత అవుతుంది. అందుకని వేరే దారి పట్టారు. ప్లాస్టిక్ మీద ఇసుకలో ఉండే సిలికానో, అల్యూమినియం ఆక్సైడో అతి పల్చగా పూస్తారు. ఇవి ఇదివరకే ఆక్సిజన్‌తో కలిసిపోయినవి. బూడిద మళ్ళీ కాలదు కదా. అయితే ఆ పూతలో సూదిమొనంత రంధ్రం ఉన్నా చాలు, ఆక్సిజన్ అందులోంచి దూరి కింద ప్లాస్టిక్‌ని తొలుచుకుంటూ పోతుంది. పైన పూత చెక్కుచెదరదు, లోపల డొల్ల. వార్నిష్ మెరుస్తున్న ద్వారబంధాన్ని చెదలు లోపల్లోపల తినేసినట్టే.

దీన్ని కింద పరీక్షించడం ఎలాగంటే, ఒక గదిలో ఆక్సిజన్‌ని విద్యుత్తుతో విడగొట్టి నమూనా మీదికి వదులుతారు. పక్కనే ఒక కాప్టాన్ ముక్కని సాక్షిగా పెడతారు. ఒక్కో పరమాణువుకి కాప్టాన్ ఎంత అరుగుతుందో ముందే కొలిచి ఉంచారు కాబట్టి, సాక్షి ఎంత బరువు తగ్గిందో చూసి నమూనా మీద ఎంత ఆక్సిజన్ పడిందో లెక్కకడతారు. తెలివైన పద్ధతి. కానీ ఆ గదిలో పరమాణువులు అన్ని వైపుల నుంచీ నింపాదిగా వస్తాయి, పైన ఒక్క వైపు నుంచి విసురుగా వస్తాయి. గదిలో ఇతర అయాన్లు, కిరణాలు కూడా కలుస్తాయి. అందుకే కొన్ని పదార్థాలు గదిలో ఒకలా, కక్ష్యలో మరోలా అరుగుతాయి. టెఫ్లాన్‌కి ఈ పరీక్ష ఎప్పుడూ అన్యాయమే చేస్తుంది. పైన అరిగేదానికంటే ఎక్కువ అరిగిపోతుందని చూపిస్తుంది.

పైకి పంపి, అక్కడే ఉంచి, మళ్ళీ కిందికి తెచ్చి చూడడం మించిన పరీక్ష లేదు. 1984 ఏప్రిల్లో ఛాలెంజర్ షటిల్ ఆ పని మొదలుపెట్టింది. బస్సంత ఉన్న ఎల్‌డెఫ్ అనే చట్రాన్ని కక్ష్యలో వదిలింది. దాని ఒంటినిండా పళ్ళేలు, పళ్ళేల నిండా రంగులు, పొరలు, లోహాలు, అద్దాలు. మొత్తం 57 ప్రయోగాలు, కోటి పైచిలుకు టమోటా విత్తనాలతో సహా. ఏడాదిలో తెచ్చేయాలని ప్లాను. తేదీలు జరుగుతూ వచ్చాయి, 1986లో ఛాలెంజరే పేలిపోయింది. ఎల్‌డెఫ్ పైనే ఉండిపోయింది. ఇంకో షటిల్ కొలంబియా వెళ్ళి 1990 జనవరిలో పట్టుకునేసరికి అది 330 కి.మీ. చిల్లర ఎత్తుకి దిగజారింది. ఇంకొంత ఆలస్యమైతే కాలిపోయేదే. అప్పటికి ఐదేళ్ళ ఎనిమిది నెలలకు పైనే అయ్యింది. ఎవరూ అడగని దీర్ఘకాల పరీక్ష, ఒక ఘోరం వల్ల జరిగిపోయింది.

ఎల్‌డెఫ్‌లో గొప్ప సంగతి, అది దొర్లకుండా ఎప్పుడూ ఒకే ముఖాన్ని ప్రయాణించే దిక్కుకి పెట్టి తిరగడం. ముందువైపుకి ఆక్సిజన్ తగులుతుంది, వెనకవైపుకి దాదాపు తగలదు. ఎండ మాత్రం రెండిటికీ పడుతుంది. ముందువైపు ప్రతి చదరపు సెంటీమీటరు మీదా 9 పక్కన 21 సున్నాలు పెడితే వచ్చేటన్ని పరమాణువులు పడ్డాయి. ఆ లెక్కకి కాప్టాన్ పావు మిల్లీమీటరుకి పైగా అరగాలి. ఉపగ్రహాలకి చుట్టే పొర మందం దానిలో సగం కూడా ఉండదు. ముందువైపు పల్చటి పొరలు కొన్ని అసలే మిగల్లేదు.

ఇక తెల్లరంగు. ఎల్‌డెఫ్ మీద పాలియురెథేన్ తెల్లపెయింటు చుక్కలు ముందువైపూ వెనకవైపూ పూసి ఉన్నాయి. ఆక్సిజన్ దెబ్బ తిన్న ముందువైపు ఎక్కువ పాడవ్వాలని ఎవరైనా అనుకుంటారు. జరిగింది తిరకాసు. వెనకవైపు చుక్కలు కాఫీ రంగుకి తిరిగాయి, ముందువైపువి తెల్లగానే ఉన్నాయి. ఎందుకంటే, ఎండలోని అతినీలలోహిత కిరణాలు రెండుచోట్లా రంగులోని జిగురుని మాడ్చాయి. ముందువైపు మాత్రం ఆక్సిజన్ ఆ మాడిన పైపొరని ఎప్పటికప్పుడు తినేస్తూ వచ్చింది. అడుగున ఉన్న తెల్ల పొడి బయటపడింది. ఒక శత్రువు ఇంకో శత్రువు చేసిన పాడుని తుడిచిపెట్టింది. తెలుపైతే నిలిచింది గానీ, జిగురు పోయిన ఆ పొడి చెయ్యి తగిలితే రాలేట్టు ఉంటుంది. ఎండని మాత్రమే పరీక్షించిన గదిలో ఈ పెయింటు ఫెయిల్. ఆక్సిజన్‌ని మాత్రమే పరీక్షించిన గదిలో ఇంకో రకంగా ఫెయిల్. రెండు రిపోర్టులూ నిజమే. వాటిని కూడితే మాత్రం పైన జరిగింది రాదు.

మొత్తం చిక్కుముడి ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఒక్కో శత్రువుని విడిగా తెచ్చి కింద నిలబెట్టగలం. అందరూ కలిసి, ఏళ్ళ తరబడి, నిదానంగా చేసే పనిని తేలేం. పదేళ్ళ ఎండని పది వారాల్లో పోయాలంటే దీపం తీవ్రత పెంచాలి. తీవ్రత పెంచితే నమూనా వేడెక్కుతుంది, వేడికి వేరే రసాయన చర్యలు మొదలవుతాయి. చెట్టున మాగిన కాయకీ, కార్బైడ్ పెట్టి రెండురోజుల్లో పసుపెక్కించిన కాయకీ తేడా మన మార్కెట్లో పిల్లలకి కూడా తెలుసు. రంగు ఒకటే, లోపల పండింది వేరు. త్వరపెట్టిన పరీక్ష కూడా అలాంటిదే. పనికిరాదని కాదు, అది లేకపోతే అడుగు ముందుకు పడదు. చెత్త సరుకుని ముందే ఏరేయడానికి దాన్ని మించింది లేదు. రెండు పెయింట్లలో ఏది మెరుగో అది చెప్పగలదు, ఫలానా పెయింటు ఎన్నేళ్ళు నిలుస్తుందో చెప్పడంలోనే తడబడుతుంది.

హబుల్ టెఫ్లాన్ కథ ఇందుకు ఇంకో సాక్ష్యం. చిన్న చిన్న షటిల్ ప్రయాణాల్లో టెఫ్లాన్ పొర దాదాపు చెక్కుచెదరలేదు. దాంతో దానిమీద నమ్మకం కుదిరింది, హబుల్‌కి పైపొరగా చుట్టారు. 1990లో వెళ్ళిన టెలిస్కోపుని 1997 ఫిబ్రవరిలో వ్యోమగాములు దగ్గరగా చూస్తే ఆ పొర చాలాచోట్ల నిలువునా పగిలి ఉంది. రేడియేషన్ ప్లాస్టిక్ లోపలి అణువుల గొలుసుకట్టుని తెంపుతూ వచ్చింది. వేడి, చలి మార్పులు ఆ పెళుసెక్కిన పొరని లాగుతూ వచ్చాయి. విడివిడిగా ఏ ఒక్కటీ అంత పని చేసేది కాదు.

రేడియేషన్ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. కింద కోబాల్ట్-60 గామా కిరణాలతోనూ, ఎలక్ట్రాన్, ప్రోటాన్ పుంజాలతోనూ దీన్ని పరీక్షిస్తారు. మామూలు అద్దం ఈ దెబ్బకి గోధుమరంగుకి తిరుగుతుంది. అందుకే ఉపగ్రహాల సౌరఘటాల మీద సీరియం కలిపిన అద్దం వేస్తారు. ఓర్వకల్లు దగ్గర సోలార్ పార్కులో పలకల మీదున్న అద్దానికి ఆ బాధ లేదు, దాని బాధల్లా దుమ్మే. ఇక కక్ష్యలో తిరిగే చెత్త తాకిడి. 1983లో ఛాలెంజర్ కిటికీ అద్దానికి చిన్న గుంత పడింది. విశ్లేషిస్తే అది ఎక్కడినుంచో ఊడిన రంగు పెచ్చు అని తేలింది, మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటుందేమో. దీన్ని పరీక్షించడానికి హైడ్రోజన్ లాంటి తేలికపాటి వాయువుని నొక్కిపెట్టి చిన్న గుళికని సెకనుకి 7 కి.మీ. వేగంతో పేల్చే తుపాకులున్నాయి. అసలు గోడకి కొంచెం ముందు ఒక పల్చటి రేకు నిలబెడితే గుళిక ఆ రేకుకి తగిలి పొడైపోతుంది, గోడ బతుకుతుంది. మందం పెంచడంకంటే ఇది చవక, తేలిక.

ఎల్‌డెఫ్ తర్వాత నమూనాలని పైన ఉంచి, తెచ్చి చూసే పని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి మారింది. 2001 ఆగస్టు నుంచి మిస్సీ అనే పేరుతో సూట్‌కేసుల్లాంటి పెట్టెలని బయట తగిలించి, తెరిచి, వందల నమూనాలని ఎండకీ ఆక్సిజన్‌కీ వదులుతున్నారు. విచిత్రం చూడండి, మొదటి పెట్టెలు కూడా ఏడాదికని వెళ్ళి నాలుగేళ్ళుండిపోయాయి. ఈసారి కారణం 2003లో కొలంబియా కూలిపోవడం. ఈ శాస్త్రంలో అతి విలువైన కొలతలు రెండుసార్లూ విషాదాల నీడలోనే దొరికాయి.

మన సంగతి. 2007 జనవరిలో ఇస్రో ఒక చిన్న క్యాప్సూల్‌ని కక్ష్యలో 12 రోజులు ఉంచి, బంగాళాఖాతంలో దించి, క్షేమంగా తీసుకొచ్చింది. పంపి తిరిగి తేవడం మనకి చేతకాని పనేం కాదు. ఇప్పుడు పీఎస్ఎల్‌వీ రాకెట్టు చివరి భాగమైన నాలుగో దశని పారేయకుండా పోయెమ్ పేరుతో ప్రయోగశాలగా వాడుతున్నారు. 2024 డిసెంబరు 30న వెళ్ళిన నాలుగో పోయెమ్‌లో 24 ప్రయోగాలున్నాయి, అందులో అలసంద గింజలు మొలకెత్తి పేపర్లలో ఫొటోలు కూడా వచ్చాయి. కొత్త సెన్సారుకీ, కొత్త చిప్‌కీ ఇది చక్కటి చోటు, కొలతలు రేడియోలో కిందికొస్తే చాలు కాబట్టి. కానీ జిగురు పోయి పొడి మిగిలిన పెయింటునో, పూత కింద డొల్లైన పొరనో రేడియోలో పంపలేం. దాన్ని చేతిలోకి తీసుకుని, అడ్డంగా కోసి, మైక్రోస్కోపు కింద చూడాలి. ఆ నాలుగో పోయెమ్ 2025 ఏప్రిల్లో హిందూ మహాసముద్రం మీద వాతావరణంలోకి దిగిపోయింది, దానిమీద ఉన్నవన్నీ దాంతోనే పోయాయి. భారతీయ అంతరిక్ష స్టేషన్ మొదటి భాగాన్ని 2028లో పంపాలన్నది ఇస్రో లక్ష్యం. మన నమూనాల పళ్ళెం ఒకటి నాలుగైదేళ్ళు పైన ఉండి తిరిగి బెంగళూరు చేరాలంటే ఆ స్టేషన్ బయటిగోడ వచ్చేదాకా ఆగాలి, లేదంటే ఇంకొకరి గోడకి తగిలించుకుంటామని అడగాలి.